క్లాసులు, గ్రూపు, సొంత బొమ్మ: మూడింట్లో ఏది ఆపాలి?

మేడగది

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి, లేనివాళ్లు చివరి పేరా చూస్తే చాలు.

నాకు 36. ఉండేది నల్లకుంట. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బీఎఫ్‌ఏ పెయింటింగ్ చేశాను. నేను చేరేసరికే కాలేజీ జేఎన్‌టీయూ నుంచి విడిపోయి వేరే యూనివర్సిటీ అయింది గానీ మా నాన్న ఇప్పటికీ చుట్టాల దగ్గర జేఎన్‌టీయూ అనే చెబుతాడు, వాళ్లు ఇంజినీరింగ్ అనుకుంటారని ఆశ. పాత ఇంటి మేడ మీద ఒక రేకుల గది అద్దెకు తీసుకుని పదేళ్లు కావస్తోంది. టర్పెంటైన్ వాసన వస్తోందని కిందివాళ్లు గొడవ పెడితే ఆయిల్ మానేసి యాక్రిలిక్‌కి వచ్చాను. మే నెలలో రేకుల కింద యాక్రిలిక్ అంటే ట్యూబు మూత పెట్టేలోపే ప్యాలెట్ మీద రంగు పొర కట్టేస్తుంది, ట్రేలో తడి గుడ్డ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసి అక్కడ కలుపుకుంటాను. ఇదంతా ఎందుకంటే ఆ గదంటే నాకు ప్రాణం. కానీ ఈ మధ్య అందులో నేను ఎక్కువగా చేసేది ఊడవడం, పెన్సిల్ చెక్కిన పొట్టు ఎత్తడం.

నా వారం ఇదీ. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం పిల్లల బ్యాచులు రెండు, 5 నుంచి 8 దాకా, మొత్తం 22 మంది, ఒక్కొక్కరికి నెలకు 1,500. మంగళ, గురువారాలు ఒక ప్రైవేటు స్కూల్లో ఆర్ట్ టీచర్, నెలకు 12,000, అదీ పదో తారీఖు దాటాక రెండుసార్లు అడిగితే. శనివారం నాటా, నిఫ్ట్ (ఆర్కిటెక్చర్, ఫ్యాషన్ డిజైన్ ఎంట్రన్సులు) రాసే పిల్లలు ఆరుగురు, సీజన్‌లో డబ్బు బాగుంటుంది, పరీక్షలు అయ్యాయంటే ఒక్కరూ కనబడరు. ఆదివారం పొద్దున స్కెచ్ గ్రూపు. ఆరేళ్ల క్రితం ముగ్గురం మొదలుపెట్టాం. మొజంజాహీ మార్కెట్, కుతుబ్‌షాహీ సమాధులు, మోండా మార్కెట్, కాచిగూడ స్టేషను, ఇలా తిరుగుతూ గీసేవాళ్లం, తర్వాత ఇరానీ చాయ్, ఒకరి పుస్తకాలు ఒకరం చూసుకోవడం, అంతే. ముగ్గురిలో ఒకరు పుణె వెళ్లిపోయారు, ఇంకొకరికి బాబు పుట్టాడు, మిగిలింది నేను. వాట్సాప్‌లో ఇప్పుడు 240 మంది. పర్మిషన్ అడగడం నేను, లొకేషన్ పెట్టడం నేను, "పార్కింగ్ ఉంటుందా", "టాయిలెట్ ఉంటుందా", "మా బాబుకి ఆరేళ్లు, తీసుకురావచ్చా" అన్నిటికీ జవాబు నేను.

డిసెంబరులో మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో మా బ్యాచ్‌వాళ్లం కలిసి ఒక షో అనుకున్నాం. నావి ఆరు క్యాన్వాసులు. ఒకటిన్నర అయ్యాయి. బొమ్మలన్నీ మా వీధి మూల ఇస్త్రీ బండి చుట్టూ.

ఇంకో సంగతి, ఇది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. పోయిన నెల ఒక రాత్రి క్లాసు అయ్యాక, తొమ్మిదింటికి, క్యాన్వాస్‌లో బండి మీద గుట్టగా పోసిన బట్టల దగ్గర పని చేస్తున్నాను. ఒక లుంగీ, రెండు స్కూల్ యూనిఫామ్‌లు, ఒక గంజి చీర. గంటన్నర వేశాక వెనక్కి జరిగి చూస్తే నాలుగూ ఒకే గుడ్డలా ఉన్నాయి. శనివారం కుర్చీ మీద దుప్పటి వేసి పిల్లలకు డ్రేపరీ, అంటే గుడ్డ మడతలు గీయడం చెబుతాను, "మడత పుట్టిన చోట ముదురు, పోనుపోను లేత, అంచు దగ్గర సన్నగా వెలుగు వదలండి" అని. అచ్చం అదే. లుంగీకీ అదే, గంజి చీరకీ అదే. లుంగీ జారుతుంది, గంజి చీర మడత పడితే విరిగినట్టు ఉంటుంది, ఆ తేడా నాకు కాలేజీ రోజుల్లోనే తెలుసు. బుర్రకి ఇప్పటికీ తెలుసు, చెయ్యే మరిచిపోయింది. క్యాన్వాస్ మీద కూడా అది డెమో ఇచ్చేసి వచ్చేసింది. ఆ రాత్రి లైటు ఆర్పేసి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

క్లాసులు ఆపితే అద్దె ఎక్కడిది? గ్రూపు ఆపితే నాకు బొమ్మల గురించి మాట్లాడే మనిషి లేదు. బొమ్మ ఆపడం కుదరదు. ఇలాంటివి దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి. "టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకో" అని మాత్రం దయచేసి రాయకండి, అది మా అక్క రోజూ చెబుతోంది.

ఉప్పుగాలి

అక్కా, చదువుతుంటే నా గురించి ఎవరో రాసినట్టుంది, కాకపోతే నాది వైజాగ్, నీకు ఇస్త్రీ బండి అయితే నాకు ఫిషింగ్ హార్బర్. మడతల సంగతి పెద్దవాళ్లెవరైనా చెబుతారు. నేను లెక్క చెబుతా, ఎందుకంటే మనం లెక్క వెయ్యం, వేస్తే ఏడుపొస్తుందని.

ముందు స్కూలు. నెలకు 8 రోజులు. పొద్దున 8కి బయల్దేరి మధ్యాహ్నం 3కి ఇల్లు చేరతావనుకుందాం, రోజుకు 7 గంటలు, నెలకు 56. ఆటోలకు రోజుకు 200 వేసుకుంటే 1,600 పోయింది, మిగిలింది 10,400. గంటకు 185 చిల్లర. ఇప్పుడు నీ మేడ మీద బ్యాచులు. 22 మంది, 33,000. నెలకు 13 రోజులు, రోజుకు 3 గంటలు, దానికి ఇంకో గంట కలుపు, బోర్డులు సర్దడం, ఊడవడం, తల్లిదండ్రులకు ఫొటోలు పంపడం. 52 గంటలు. గంటకు 630 పైమాటే. అంటే ఆ స్కూల్లో నెలంతా గొంతు పోయేలా అరిచి తెచ్చేది నీ గదిలో పదిహేడు గంటల్లో వచ్చేస్తోంది. ఫీజు 2,000 చేస్తే 22 మంది మీదా 11,000 వస్తుంది, స్కూలు జీతం దాదాపు అక్కడే పూడిపోయింది. ఇద్దరు ముగ్గురు మానేస్తారు, మానెయ్యనీ, కొత్తవాళ్లు చేరతారు. నేను 1,200 నుంచి 1,800 చేసినప్పుడు ముగ్గురు వెళ్లిపోయి నలుగురు వచ్చారు, పైగా కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల్ని టైమ్‌కి తెచ్చి టైమ్‌కి తీసుకెళ్తున్నారు, ఎందుకో మరి.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నేనూ స్కూలు మానేశాను. ఖాళీ అయిన రెండు రోజులూ చూసి చూసి నాలుగో వారానికి అందులో కొత్త బ్యాచ్ పెట్టేశాను. ఖాళీగా ఉన్న రోజు మన కళ్లకి నష్టంలా కనబడుతుంది. అందుకని ఆ రెండు రోజుల మీద ముందే ఏదైనా రాసెయ్, ఫోన్ కింద ఇంటివాళ్ల దగ్గర పెట్టి రా, ఏదో ఒకటి చెయ్.

ఇంకోటి. రాత్రి క్లాసు అయ్యాక బొమ్మ ముందు కూర్చోకు. మూడు గంటలు "ఇలా గీయాలి, అలా కాదు" అని చెప్పిన నోటితోనే కదా కూర్చుంటావు, ఇంకేం వస్తుంది?

గీతతప్పినోడు

అందరూ మంచిగా చెబుతారు కాబట్టి నేను చెడ్డవాణ్ణవుతాను. గ్రూపు మూసెయ్యండి. రేపే.

కోపం తెచ్చుకోకుండా ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి, పోయిన రెండు నెలల్లో ఆదివారాలు మీరు గీసినవి ఎన్ని? రాసినదాంట్లో పార్కింగ్ ఉంది, టాయిలెట్ ఉంది, ఆరేళ్ల బాబు ఉన్నాడు, మీ స్కెచ్‌బుక్ లేదు. దాన్ని కమ్యూనిటీ అనరు, ఉచితంగా చేసే ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటారు. నేనూ ఒకప్పుడు ఇలాంటి గ్రూపు నడిపాను, మూడేళ్లు నడిపాను, ఆ మూడేళ్లూ నేనొక ఆర్టిస్టునని నన్ను నేను నమ్మించుకోడానికి ఆ గ్రూపు బాగా పనికొచ్చింది, బొమ్మ వెయ్యకపోయినా ఆదివారం పదిమంది "సర్, సర్" అంటుంటే బొమ్మ వేసినట్టే ఉంటుంది.

కళాకారుల సమూహం అంటే ఏంటో చూడాలంటే 1966లో మద్రాసు పక్కన చోళమండలం అనే కళాకారుల ఊరు ఎలా పెట్టారో చదవండి. బొమ్మలు అమ్ముకుని బతకలేమని తెలిసి చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లు బాటిక్ (మైనం అద్దకం) గుడ్డలు, చేతిపనులు చేసి అమ్మారు, ఆ డబ్బుతో సముద్రం పక్కన ఇసుక నేల కొనుక్కున్నారు, అక్కడే ఇళ్లు, అక్కడే పని. బాటిక్ పొట్ట కోసం, బొమ్మ బొమ్మ కోసం, రెండూ అక్కడే, పక్కపక్కనే. ఒకళ్ల పని ఒకళ్లు చూసుకుంటూ బతికారు. 240 మందికి లొకేషన్ పిన్ పంపడం వేరు.

మేడగది

గీతతప్పినోడు గారూ, మీరు అడిగినదానికి జవాబు: నాలుగు. అందులో రెండు, అందరూ రావడానికి ముందు పావుగంటలో గీసినవి. ఇది రాస్తుంటే నాకే చిరాగ్గా ఉంది.

కానీ మీరన్నట్టు పదిమందితో పిలిపించుకోడానికి నేను చేయడం లేదు. పోయిన చలికాలం మా అమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు రాత్రిళ్లు నాతో కూర్చున్నది ఈ గ్రూపులో అమ్మాయిలే, కాలేజీవాళ్లు కాదు. ఒకమ్మాయి ఐసీయూ బయట కుర్చీల్లో నిద్రపోతున్న మనుషుల్ని గీసి ఆ పేజీ చింపి నాకిచ్చింది. ఆ పేజీ ఇప్పటికీ గోడ మీద ఉంది, నేను ఈ ఏడాది చూసిన మంచి బొమ్మ అదే. కాబట్టి "మూసెయ్" అంటే మూసెయ్యలేను. చోళమండలం గురించి తెలుసు, సముద్రం పక్కన నేల కొనుక్కునే రోజులు కావివి, నల్లకుంటలో రేకుల గదికే 14,000.

ఉప్పుగాలీ, నీ లెక్క రెండుసార్లు వేసి చూశాను. నిజంగానే ఏడుపొచ్చింది.

పాప నాన్న

నేను ఆర్టిస్టుని కాదు, సాఫ్ట్‌వేర్, కూకట్‌పల్లి. మా పాప డ్రాయింగ్ క్లాసుకి వెళ్తుంది కాబట్టి ఈ పోస్టు ఎవరో పంపితే చదివాను. తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట చెప్పొచ్చా.

మాకు ఆ క్లాసులో ఏం జరుగుతుందో తెలియదు, నిజం చెప్పాలంటే మాకు కావలసింది నెలకో ఫ్రేమ్ కట్టించే బొమ్మ, అమ్మమ్మగారికి వాట్సాప్‌లో పంపడానికి. అందుకే "ఇంకా పెన్సిలేనా, రంగులెప్పుడు" అని అడుగుతాం. తప్పే. కానీ మా పాప ఇంటికొచ్చి ఇప్పటిదాకా గొప్పగా చెప్పిన ఒకే ఒక్క సంగతి ఏంటంటే, ఒకరోజు వాళ్ల మిస్ పిల్లలతో పాటు కూర్చుని పిల్లిని గీయబోతే అది కదిలిపోయిందట, మళ్లీ గీస్తే మళ్లీ కదిలిందట, చివరికి మిస్ పేజీలో ఐదు తోకలు ఉన్నాయట. "మిస్‌కి కూడా రాలేదు నాన్నా" అని ఎంత ఆనందంగా చెప్పిందో. ఆ రోజు నుంచి ఇంట్లో కుక్కర్ని, చెప్పుల్ని, నిద్రపోతున్న నన్ను గీస్తోంది. అంతకుముందు ఏడాదిన్నర పాటు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు.

ఫీజు 500 పెంచితే మేమైతే మానం.

సుద్దముక్క

అమ్మా, నేను సిద్దిపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు డ్రాయింగ్ మాస్టర్‌గా చేశాను. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ టీచర్ ట్రైనింగు చేసి ఉద్యోగంలో చేరినవాణ్ణి, మీలాగ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ చూడలేదు. పెద్ద సలహాలు ఇచ్చే అర్హత లేదు, జరిగింది చెబుతాను.

డ్రాయింగ్ పీరియడ్ అంటే మా బళ్లలో లెక్కల సార్‌కి సిలబస్ అయిపోనప్పుడు ఇచ్చే పీరియడ్. మిగతా టైమ్‌లో చార్టులు, ఆగస్టు 15కి ముగ్గు, ఇన్‌స్పెక్షన్‌కి గోడల మీద సూక్తులు, ఎలక్షన్లొస్తే పోలింగ్ బూత్ నంబర్లు. నా సొంత బొమ్మ పొద్దున నాలుగున్నర నుంచి ఆరు దాకా. అంతే దొరికేది. రిటైరైతే రోజంతా నాదే కదా అని 31 ఏళ్లు ఎదురుచూశాను. 2014లో రిటైరయ్యాను. మా అబ్బాయి ఇంటి వెనక గది కట్టించాడు, ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెట్టించాడు. అమ్మా, మొదటి రెండేళ్లలో ఆ గదిలో నేను పూర్తిచేసిన బొమ్మలు మూడు. ఉద్యోగంలో ఉండగా ఏడాదికి పది పన్నెండు వేసినవాణ్ణి. పొద్దున కూర్చుంటే ఏం గీయాలో తోచేది కాదు, పేపరు చదివేవాణ్ణి, మళ్లీ పేపరు చదివేవాణ్ణి. మా ఆవిడ వాకిట్లో ఐదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి "వీళ్లకి చెప్పండి, ఇంట్లో గొణగకండి" అంది. వాళ్లొచ్చాకే నా చెయ్యి మళ్లీ లేచింది. కాబట్టి క్లాసుల వల్ల మీ గీత పోయిందనుకోవడంలో సగమే నిజం.

మిగతా సగం మీరే రాశారు, చెయ్యి డెమో ఇచ్చేసిందని. నాకూ అదే రోగం పట్టింది, 20 ఏళ్లు ఒకే మామిడిపండు బోర్డు మీద వేశాను, కళ్లు మూసుకుని వేసేవాణ్ణి, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లే చెడగొట్టాయి. ఇప్పుడు నా క్లాసులో డెమో లేదు. పిల్లలు ఇంటి నుంచి ఒక్కో వస్తువు తేవాలి, నేను ముందు చూసి ఉండకూడదు. పళ్లు ఊడిన దువ్వెన, తుప్పు పట్టిన తాళం, సగం తిన్న మక్కకంకి, ఒకడు వాళ్ల తాత పెట్టుడు పళ్ల సెట్టు తెచ్చాడు, దాని మీద ఇంట్లో పెద్ద గొడవైంది. వాటి చుట్టూ నేలమీద కూర్చుని వాళ్లు గీస్తారు, నేనూ గీస్తాను, పావుగంట ఎవరూ మాట్లాడకూడదు. తర్వాతే పాఠం. ఆ పావుగంటలో నాకు ముందే వచ్చినదంటూ ఏమీ ఉండదు, అందరం ఒకటే. దువ్వెన పళ్ల మధ్య సందు గీయడం ఎంత కష్టమో 60 దాటాక తెలిసింది. ఇప్పుడు వాళ్ల పక్కన గీసిన పుస్తకాలే నా పెద్ద బొమ్మలకి పెట్టుబడి.

మా సిద్దిపేటలో కాపు రాజయ్య గారు ఉండేవారు, మీకు తెలిసే ఉంటుంది, బోనాలు, పల్లె ఆడవాళ్లు, చేర్యాల నకాషీ బొమ్మల రంగుల బలం. ఆయనా డ్రాయింగ్ టీచరే. ఉద్యోగం చేస్తూనే వేశారు, ఊళ్లోనే లలిత కళా సమితి పెట్టి మాలాంటివాళ్లకు దారి చూపించారు. కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి వచ్చి హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. నందలాల్ దగ్గర ఎప్పుడూ కార్డులుండేవి, కనబడింది కార్డు మీద గీసి శిష్యులకు, స్నేహితులకు పోస్టు చేసేవాడు. పాఠం, బొమ్మ, స్నేహం మూడూ ఒక కార్డు మీదే అయిపోయేవి చూడండి. మనం మూడింటికీ మూడు గదులు కట్టి తాళాలు మోస్తున్నాం. అయితే అది గొప్పవాళ్ల సంగతి, మీకు అద్దె ఉంది, ఆ అమ్మాయో అబ్బాయో వైజాగ్ నుంచి వేసిన లెక్క నాకు నచ్చింది. స్కూలు మానండి.

ఉప్పుగాలి

అబ్బాయినే సార్. పెట్టుడు పళ్ల సెట్టు కథ మా బ్యాచ్‌కి చెప్పాను, వచ్చే వారం ఏం తెస్తారో అని భయంగా ఉంది.

గోదారిగట్టు

గ్రూపు గురించి ఇద్దరూ రెండు చివర్లలో నిలబడ్డారు, మధ్యలో ఒక దారి ఉంది కదా.

మా రాజమండ్రి సంగతి చెబుతా. దామెర్ల రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని వచ్చి ఇక్కడ బొమ్మలు వేస్తూనే పిల్లలకు చిత్రకళ నేర్పడానికి బడి పెట్టారు. స్నేహితులు, శిష్యులు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, అంతా ఒకే గుంపు. అంతకుముందు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఈయన్నీ, అడివి బాపిరాజునీ చేరదీసినప్పటి నుంచి ఉన్న వాతావరణం అది. 1925లో మశూచితో రామారావు పోయారు, ఇంకా 28 నిండలేదు. అంత చిన్న జీవితంలో మూడూ చేశారు అని చెప్పడానికి ఇది రాయడం లేదు, అలా చెబితే మేడగది గారికి ఇంకాస్త టెన్షన్ తప్ప ఒరిగేదేం లేదు. నేను చెప్పేది తర్వాత జరిగిన సంగతి. బడి ఆగలేదు. వరద వెంకటరత్నం గారు ఎత్తుకున్నారు. ఇవాళ రామారావు పేరుతో గ్యాలరీ ఉంది, బొమ్మలున్నాయి, మేం చిన్నప్పుడు బడి నుంచి వరసగా నిలబడి వెళ్లి చూసినవాళ్లమే.

మీకు జ్వరమొస్తే ఆదివారం గ్రూపు జరుగుతుందా? జరగదంటే అది మీ గ్రూపు, అందరి గ్రూపు కాదు. నేనైతే మూసెయ్యమనను, వదిలెయ్యమంటాను. ఒక నెల మీరు పోస్టు పెట్టకండి. ఎవరో ఒకరు పెడతారు, లేదా ఎవరూ పెట్టరు, రెండింట్లో ఏదైనా మీకు తెలియాల్సిన విషయమే. ఎవరైనా పెడితే మీరు పుస్తకం పట్టుకుని ఆలస్యంగా వెళ్లి ఓ మూల కూర్చుని గీసుకుని రండి. పార్కింగ్ గురించి అడిగితే "నాకూ తెలీదండీ" అనండి. ఆ మాట అనడం అలవాటయ్యేదాకా కష్టం, తర్వాత చాలా హాయిగా ఉంటుంది.

గీతతప్పినోడు

గోదారిగట్టు చెప్పింది బాగుంది. నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను, ఆ ఐసీయూ పేజీ దగ్గరే తీసుకోవాల్సింది. మేడగది గారూ, ఆ బొమ్మ వేసిన అమ్మాయిని మీ మేడ మీదకి పిలవండి, వారానికి ఒక్క రోజు, పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోండి. 240 మందిలో అలాంటివాళ్లు ముగ్గురుంటే ఎక్కువ.

మేడగది

నాలుగు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

స్కూలు మానేశాను. చివరి నెల జీతం ఇంకా రాలేదు. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు "మరి చుట్టాలకి ఏం చెప్పాలి" అన్నాడు, జేఎన్‌టీయూ అని చెప్పు నాన్నా అన్నాను. ఫీజు 2,000 చేశాను, ఇద్దరు మానేశారు, ఇంకా ఎవరూ చేరలేదు, కాబట్టి ఉప్పుగాలి లెక్కకి ప్రస్తుతానికి కొంచెం కింద ఉన్నాను. డబ్బు భయం అలాగే ఉంది. మంగళవారం పొద్దున ఏడుకి గదిలోకి వెళ్లి ఫోన్ కింద ఇంటావిడకి ఇచ్చేస్తున్నాను, ఆవిడ నా ఫోన్లు ఎత్తి "అమ్మాయి పనిలో ఉంది" అని చెబుతోంది. టర్పెంటైన్ గొడవ పెట్టిన ఆవిడే.

సుద్దముక్క సార్, మీరు చెప్పినట్టు పిల్లల్ని వస్తువులు తెమ్మన్నాను. ఒకమ్మాయి వాళ్ల నానమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చింది, నా బొమ్మల గురించి దానికేమీ తెలియదు, ఊరికే తెచ్చింది. పావుగంట నేలమీద కూర్చుని గీశాం. నా క్యాన్వాస్ మీద ఇప్పటికే రెండు ఇస్త్రీపెట్టెలు ఉన్నాయి, కానీ మూత బిగించే గొళ్లెం మీద చిన్న కోడిపుంజు ఉంటుందని నేను ఎప్పుడూ చూడలేదు. రోజూ ఆ బండి ముందు నుంచే కూరగాయలకి వెళ్తాను. ఆ అమ్మాయి గీసిన పుంజు నాదానికంటే బాగుంది, తల కొంచెం పెద్దదైపోయింది, అయినా అదే బాగుంది.

పుంజు చూశాక గురువారం పొద్దున పుస్తకం పట్టుకుని బండి దగ్గరికే వెళ్లాను. ఇస్త్రీ ఆయన్ని అడిగి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఫోన్లో ఉన్న నా పెయింటింగ్ ఫొటో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, గుట్ట మీద వేలు పెట్టి, "గంజి చీర గట్ల కుప్పల ఎయ్యం మేడం, నీళ్లు చల్లి చుట్ట చుట్టి పక్కకు పెడ్తం, ఎండితే ఇస్త్రీ పట్టదు" అన్నాడు. పక్కనే ఉన్నాయి చుట్టలు, నాలుగు, తడి గుడ్డ కప్పి. కొసలు మాత్రం బయటికి పొడుచుకొచ్చి గట్టిగా నిలబడి ఉన్నాయి. అక్కడ అసలు ఆ మడతే లేదు. లేని మడతని నేను గంటన్నర షేడ్ చేశాను.

క్యాన్వాస్‌లో ఆ మూలంతా జెస్సో (తెల్ల పూత) కొట్టేశాను. డిసెంబరుకి ఆరు కావు, నాలుగవుతాయేమో, మా బ్యాచ్‌వాళ్లకి చెప్పేశాను. ఐసీయూ బొమ్మ వేసిన అమ్మాయి గురువారాలు మధ్యాహ్నం వస్తోంది, కిటికీ పక్కన కూర్చుంటుంది, ఎక్కువ మాట్లాడుకోం.

గ్రూపులో మొదటి ఆదివారం ఎవరూ పోస్టు పెట్టలేదు. రెండో ఆదివారం కూడా. ఆ రెండు వారాలూ నా చేతులు దురద పెట్టాయి, నిజంగా. మూడో వారం ఒక రిటైర్డ్ బ్యాంకు ఆయన మోండా మార్కెట్ అని పెట్టారు, పదకొండు మంది వచ్చారట. నిన్నటిది నాలుగో వారం, నేనూ వెళ్లాను. ఎవరో వచ్చి బండి ఎక్కడ పెట్టాలని అడిగారు.